సూదికి ఐదేళ్లు

పోయిన వారం మా వీధి మొదట్లో సీసీ కెమెరా పెట్టేరు. కొబ్బరికాయ కొట్టేరు, రిబ్బను కట్టేరు, దాన్ని కత్తిరించడానికి కత్తెర మరిచిపోయేరు. ఎదురు కిరాణా కొట్లోంచి బ్లేడు తెచ్చి పని కానిచ్చేరు. తరవాత నన్ను రెండు ముక్కలు మాట్లాడమన్నారు. వీధిలో చదువుకున్నవాణ్ణి నేనే. అంటే, మిగతావాళ్లు చదువుకుని వెళ్లిపోయేరు, నేను చదువుకుని ఉండిపోయేను.

తలెత్తి కెమెరాని చూసేను. తరవాత స్తంభం కిందికి చూపు దించేను. అక్కడ ఖాళీ. ఆ ఖాళీలో ఏళ్ల తరబడి ఒక ఇనప మడత కుర్చీ ఉండేది, అందులో ఆయన ఉండేవారు. ఆయనున్నన్నాళ్లూ మా వీధికి కెమెరా కావాలని ఎవరికీ తోచలేదు. నిరుడు వానాకాలంలో ఆయన పోయేరు, ఇదిగో ఇది వచ్చింది.

"ఈ కెమెరా చూడగలదు గానీ కూర్చోలేదు" అన్నాను మైకులో.

ఎవరికీ అర్థం కాలేదు. అంతా నిశ్శబ్దం. ముప్పయ్యేళ్లు క్లాసులో విన్న నిశ్శబ్దమే గనక నాకేమీ కొత్తగా అనిపించలేదు.

ఆయన మా చోడవరం స్టేషన్లో హెడ్ కానిస్టేబులుగా చేసేరు. పేరుండే ఉంటుంది, చొక్కా మీద పేరుపలక కూడా ఉండేది. ఊరంతా హెడ్డుగారు, హెడ్డుగారు అనడంతో ఆ పేరు పలకకే పరిమితమైపోయింది. అంతకు ముందు కె.కోటపాడులోనూ, దేవరాపల్లిలోనూ చేసేరట. అక్కడా హెడ్డుగారే. మనిషి పొట్టి. బొజ్జ ముందు నడిచేది, ఆయన వెనకాల వచ్చేవారు. పరిగెత్తి దొంగని పట్టుకోవడం ఆ ఒంటికి కుదిరే పని కాదు. అందుకని కూర్చుని పట్టుకునేవారు.

ఆ పద్ధతి చెప్పాలి. మోపెడ్ వెనకాల కుర్చీ ఎప్పుడూ తాడుతో కట్టే ఉండేది. ఎక్కడైనా ఏదైనా పోయిందని కబురొస్తే, నాలుగు చోట్ల నాలుగు ముక్కలడిగి, ఎవరి పనో మనసులో అనుకుని, మర్నాడు పొద్దున్నే ఆ ఇంటికెదురుగా, రోడ్డుకి అవతల పక్కన కుర్చీ వేసుకునేవారు. తలుపు కొట్టరు. పేరు పెట్టి పిలవరు. పేపరు విప్పుకుని చదువుకుంటారు. దారినపోయేవాళ్లు ఊరుకోరు కదా.

"ఏటి హెడ్డుగారూ, ఇక్కడ కూకున్నారు?"

"ఏటీ నేదు. గాలి బాగుంది."

మే నెల, పదకొండు గంటలు, ఆకు కదలదు. గాలి బాగుందంటే ఎవరు నమ్ముతారు? ఎవరూ నమ్మకూడదనే ఆయన అలా చెప్పేవారు. గంటకోసారి ఎదురింటివైపు చూసి, "అమ్మా, కాసిని మంచినీళ్లిస్తారేటి?" అనేవారు. పోలీసాయన నీళ్లడిగితే ఇవ్వక తప్పుతుందా! గ్లాసు అందుకునేటప్పుడు ఆయన మనిషి మొహం చూసేవారు కాదు, గ్లాసులో నీళ్లు చూసేవారు.

"మొకం అబద్ధం ఆడతాది మేస్టారూ. నీళ్లు ఆడవు" అని తరవాత్తరవాత నాకు చెప్పేరు.

మూడో రోజుకి పోయిన వస్తువు పోయినచోటే ప్రత్యక్షమయ్యేది. ఒకసారి మాత్రం ఒక కోడిపుంజు తిరిగి రాలేదు. అది అప్పటికే కూరైపోయిందట. దాని బదులు రెండు పెట్టలొచ్చేయి. పుంజు పోగొట్టుకున్నావిడ, "హెడ్డుగారూ, ఇంకో రెండ్రోజులు కూకోండి బాబూ" అని బతిమాలింది. లోకంలో అందరూ కుర్చీ కోసం కొట్టుకుంటారు. ఈయన కుర్చీ వేస్తే కొట్లాటలు ఆగిపోయేవి.

ఇంకోటి పెన్సిలు. వడ్రంగిలాగ చెవి మీద పెన్సిలు, జేబులో లబ్బరు. ఎవరు ఏ ఫిర్యాదు తెచ్చినా ముందు తన సొంత నోటు పుస్తకంలో పెన్సిల్తో రాసుకునేవారు. "పెన్నుతో రాస్తే కోర్టుకెళ్తాది. పెన్సిల్తో రాస్తే ఇంటికెళ్తాది" అనేవారు. అలాగని అన్నీ పెన్సిలే కాదు. కత్తిపోట్లు, ఆడవాళ్ల మీద చేయి చేసుకోవడాలు వచ్చేయంటే చెవి మీద చేయి వేసేవారు కాదు, సరాసరి పెన్ను తీసేవారు. ఆ రోజు కుర్చీ మోపెడ్ మీదే ఉండిపోయేది.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. లేకపోతే కథ నడవదు. జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పేవాణ్ణి. పౌరశాస్త్రం చెప్పి చెప్పి పౌరుషం హరించుకుపోయినవాణ్ణి. మా ఇంట్లో చట్టసభ మా ఆవిడ, ప్రభుత్వం మా ఆవిడ, న్యాయస్థానం కూడా మా ఆవిడే. అధికారాల విభజన అనేది నేను నల్లబోర్డు మీద తప్ప ఎక్కడా చూసెరగను.

ఏడెనిమిదేళ్ల కిందట మా కాలేజీలో ఒక చర్చ పెట్టేం. పట్టణాల్లో నేరాలు తగ్గాలంటే ఏది మేలు: పోలీసు గస్తీయా, పేదలకి పథకాలా, కఠిన చట్టాలా? ముగ్గురు లెక్చరర్లం చీటీలు వేసుకున్నాం. మాథ్స్ మాస్టారికి పోలీసులొచ్చేరు. ఎకనామిక్స్ మాస్టారికి పథకాలొచ్చేయి. నాకు కఠిన చట్టాలొచ్చేయి. దోమని కొట్టడానికి కూడా మా ఆవిడ అనుమతి కావాల్సినవాడికి కఠిన చట్టాలు!

ముఖ్య అతిథిగా సీఐగారిని పిలిచేం. ఆయనకేదో పని తగిలి హెడ్డుగారిని పంపించేరు. మెళ్లో దండ వేసి, దండన గురించి వినమని ముందు వరసలో కూర్చోబెట్టేం.

మాథ్స్ మాస్టారు గస్తీకి ఒక సూత్రం చెప్పేరు, అది ఆయనకే అర్థమయింది. ఎకనామిక్స్ మాస్టారు, "శిక్ష కాదు, శిక్షణ కావాలి. చేతిలో పని పెడితే ఆ చెయ్యి పక్కవాడి జేబులోకెళ్లదు" అన్నారు. చప్పట్లు మోగేయి. అవి చూసి నాకు ఒళ్లు మండింది. లేచేను. నాలో ఇంత కర్కోటకుడున్నాడని ఆ రోజు దాకా నాకే తెలీదు.

"చిన్న దొంగతనం, పెద్ద దొంగతనం అని ఉండదు! దొంగతనం దొంగతనమే! సూది దొంగిలించినా ఐదేళ్లు వెయ్యాలి! అప్పుడు గానీ..."

అప్పుడు గానీ తరవాత ఏమన్నానో వినపడలేదు. హాలు ఊగిపోయింది. నా జన్మలో నాకు పడిన చప్పట్లన్నీ ఆ రెండు నిమిషాల్లోనే పడ్డాయి.

ఆఖర్న హెడ్డుగారు లేచేరు. దండ తీసి బల్ల మీద పెట్టేరు.

"నాకు ఉపన్యాసం రాదు. ఒక్క ముక్క అడుగుతాను. చెరుకుబండి వెనకాలెళ్లి ఒక్క గెడ కూడా లాగనోళ్లు, జన్మలో ఎప్పుడూ లాగనోళ్లు, సెయ్యెత్తండి."

చోడవరంలో అడగాల్సిన ప్రశ్నేనా అది! సీజనొస్తే ఫ్యాక్టరీకి వెళ్లే చెరుకు ట్రాక్టర్లు మా రోడ్ల మీంచే నత్తనడక నడుస్తాయి. వెనకాల నడుస్తూ ఒక గెడ లాక్కుని తినడం మాకు దొంగతనం కాదు, బాల్యం. హాల్లో ఒక్క చెయ్యే లేచింది, ఎకనామిక్స్ మాస్టారిది. ఆయనది చెరుకు పండని ఊరు.

"ఆ మేస్టారు ఇంటికెళ్లొచ్చు. మిగిలినోళ్లందరికీ ఐదేళ్లు. బేగి లైను కట్టండి, మా జీపు చిన్నది" అని కూర్చున్నారు.

పిల్లలు నవ్వి నవ్వి బెంచీల మీంచి పడ్డారు. నా చప్పట్లు నాకు దక్కిన సేపు కూడా మిగలలేదు.

ఇక కుట్టుమిషను. అప్పటికి నాలుగు నెలల కిందట మా వార్డులో నిరుపేద మహిళలకి కుట్టుమిషన్లు పంచేరు. మా ఆవిడ పక్కింటావిడతో కలిసి చూడ్డానికెళ్లింది. వేదిక మీద వరసగా మిషన్లు, మిషనుకొక మనిషి. లెక్క చూస్తే ఒక మనిషి తక్కువ. జాబితాలో పేరున్నావిడ రాలేదు. ఫొటోలో ఒక మిషను అనాథలాగ నిలబడితే బాగుండదని వార్డు పెద్దమనిషి మా ఆవిణ్ణి పిలిచేడు. "మేస్టారమ్మగారూ, ఒక్క ఫొటోకి రండి." వెళ్లింది. ఫొటో తీసేరు. ఫొటోగ్రాఫరు కెమెరా పట్టుకెళ్లిపోయేడు, పెద్దమనిషి మైకు పట్టుకెళ్లిపోయేడు. మిషను మా ఆవిడ చేతిలో ఉండిపోయింది. "ఉంచుకోండమ్మా, తరవాత చూద్దాం" అని ఆటో ఎక్కించేరట. తరవాత ఎవరూ చూడలేదు, మేమూ చూపించలేదు. వరండాలో పెట్టి, దుప్పటి కప్పి, దాని మీద పాత పేపర్లు పెట్టుకున్నాం.

చర్చ అయిన మూడు వారాలకి అనకాపల్లిలో పెళ్లికెళ్లేం. సాయంత్రం బస్సు దిగి ఇంటికొస్తే వరండాలో మిషను లేదు. పేపర్లున్నాయి, తాడుతో కట్ట కట్టి. వాటి మీద దుప్పటి ఉంది, నాలుగు మడతలు పెట్టి.

"ఎంత పద్ధతైన దొంగండీ! ఆ దుప్పటి నేను కూడా ఇంత బాగా మడత పెట్టలేదు" అంది మా ఆవిడ.

నాకు మాత్రం ఉపన్యాసం గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున్నే నాలుగు పేజీల ఫిర్యాదు పెన్నుతో రాసి స్టేషనుకెళ్లేను. హెడ్డుగారు చెవి మీంచి పెన్సిలు తీసేరు.

"మిషను ఎవరిది మేస్టారూ?"

"మాదే."

"కొన్న బిల్లుందేటండి?"

"బిల్లా... బిల్లు లేదు గానీ గుర్తులున్నాయి. పక్కన ఆకుపచ్చ రంగుతో నంబరు వేసుంటుంది. నా ఫోనులో ఫొటో కూడా ఉంది!"

ఎంత గర్వంగా చూపించేనో ఇప్పుడు తల్చుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. ఆయన ఫోను దగ్గరగా పెట్టుకుని రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేసేరు. నంబరు రాసుకున్నారు. ఇంకా పెద్దది చేసేరు.

"అమ్మగారు బాగా పడ్డారు. ఎనకాల బేనరు మీద ఏదో రాసుంది. నాకు కళ్లజోడు నేదు, కొంచెం సదివి పెడతారేటి?"

"నిరుపేద..." అని మొదలెట్టి ఆగిపోయేను.

"సదవండి, పర్లేదు."

"నిరుపేద మహిళలకు... ఉచిత..." గొంతు దానంతటదే తగ్గిపోయింది.

ఆయన నోటు పుస్తకం మూసేసి, "ఎల్లండి మేస్టారూ, నేను కూకుంటాను" అన్నారు.

నేను ఆనందంగా ఇంటికొచ్చేను. పాపం దొంగ, రేపెవరింటి ముందు పడుతుందో కుర్చీ, అనుకుంటూ హాయిగా అన్నం తిన్నాను.

మర్నాడు పొద్దున్న పాల ప్యాకెట్లకని తలుపు తీసేసరికి కుర్చీ మా ఇంటి ముందుంది.

మొదట పొరపాటనుకున్నాను. ఇటు పక్కింటి కోసమేమోనని కిటికీలోంచి చూసేను. ఇటు పక్కింటాయన తన కిటికీలోంచి మా ఇంటిని చూస్తున్నాడు. ఎనిమిదింటికి వీధంతా తెలిసింది. తొమ్మిదింటికి కాలేజీకి తెలిసింది.

"ఏటి హెడ్డుగారూ, మేస్టారింటి ముందు కూకున్నారు?"

"ఏటీ నేదు. గాలి బాగుంది."

ఫిర్యాదు ఇచ్చింది నేనురా బాబూ అని వీధిలోకొచ్చి చెబుదామంటే, ఆయన ముందు దొంగ కూడా సరిగ్గా అలాగే చెబుతాడు కదా. నాలో నేను వెతుక్కోవడం మొదలెట్టేను. పదకొండేళ్ల కిందట లైబ్రరీలోంచి తెచ్చిన పుస్తకం అల్మారాలో కనపడింది. పట్టుకెళ్లి ఇచ్చేను. పక్కింటాయన నిచ్చెన మా పెరట్లో మూడేళ్లుగా ఉంది, మోసుకెళ్లి వాళ్ల గుమ్మంలో దించేను. కాలేజీ సుద్దముక్కలు జేబులో రెండు దొరికేయి. ఎంత ఇచ్చినా కుర్చీ కదల్లేదు. విచిత్రం ఏమిటంటే, ఆ కుర్చీ ఎవరి కోసమో రూఢిగా తెలీక మా వీధివాళ్లు కూడా ఎవరివి వాళ్లకి ఇచ్చేసుకోవడం మొదలెట్టేరు. మాకు తెలీకుండానే పోయిన మా గొడుగు మాకు తిరిగొచ్చింది.

రెండో రోజు సాయంత్రం మా ఆవిడ తలుపేసి, నెమ్మదిగా అంది.

"ఆ మిషను మనది కాదు కదండీ."

"మనకే కదా ఇచ్చేరు."

"ఫొటోకి ఇచ్చేరు." మళ్లీ తనే అంది. "మన చీరలకి ఫాల్సు కుట్టే అప్పలనరసమ్మ లేదూ? మొన్నొచ్చినప్పుడు దుప్పటెత్తి చూసింది. 'అమ్మగోరూ, తమరు మిషను కుడతారేటండి?' అనడిగింది. 'ఎక్కడే, పేపర్లు పెట్టుకోడానికి బాగుంది' అన్నాను. నంబరు దగ్గర వేలు పెట్టి చూసుకుని వెళ్లిపోయింది."

మూడో రోజు హెడ్డుగారు మంచినీళ్లడిగేరు. నేనే పట్టుకెళ్లేను. గుమ్మం దగ్గర నిండా ఉన్న గ్లాసు రోడ్డు దాటేసరికి సగమయింది. ఆ సగం కూడా కుదురుగా లేదు. ఆయన నీళ్లు చూసేరు, తాగేరు, కుర్చీలోంచి లేచేరు.

"ఒకసారి ఇక్కడ కూకోండి మేస్టారూ."

"నేనెందుకండీ..."

"కూకోండి, గాలి బాగుంది."

కూర్చున్నాను. ఆయన మోపెడ్ కానుకుని నిలబడ్డారు. నా ఇల్లు నేనెప్పుడూ రోడ్డుకి అవతల నుంచి కూర్చుని చూసుకోలేదు. వరండాలో రెండు ఫ్యాన్లు. మిషను తీసేసిన చోట గచ్చు మీద నాలుగు కాళ్ల మచ్చలు. మధ్యలో పేపర్ల కట్ట.

ఆయన నోటు పుస్తకం తీసి నా ఒళ్లో పెట్టేరు. మూడు నెలల కిందటి పేజీ. పెన్సిలు రాత. నా మిషను నంబరే. ఫిర్యాదు: అప్పలనరసమ్మ.

"మీది రెండో కేసు మేస్టారూ. ఆ నంబరు మీద మొదటిది ఇది. మిషన్లు పంచిన రోజు ఆవిడ విశాఖపట్నంలో పెద్దాసుపత్రిలో ఉంది. మొగుడు చెరుకు లోడు మీంచి పడి కాలు ఇరగ్గొట్టుకున్నాడు. ఒచ్చి అడిగితే రిజిస్టర్లో 'అందింది' అని ఉందంట. మిషను నంబరేసిచ్చిన చీటీ ఆవిడ కాడుంది. మిషను మీ కాడుంది."

"మరి మొన్న తీసుకెళ్లింది..."

"ఆటోలో, పట్టపగలు. ఇప్పుడు నేను పెన్ను తీసేననుకోండి. మిషను కేసులో సామానయిపోతాది, కోర్టు గదిలో కూకుంటాది. ఆవిడ కోర్టు మెట్ల మీద కూకుంటాది. వాయిదా మీద వాయిదా, ఇక్కడ సూది తుప్పు పడతాది. మొగుడికి ఇంకా కర్ర నేకుండా నడక నేదు. ఆ ఇల్లు నాలుగు రోజులై ఆ మిషను మీదే నడుస్తంది." చెవి మీంచి పెన్సిలు తీసి నా చేతిలో పెట్టేరు. "దొంగ పేరు కాడ ఖాళీ ఒగ్గీసేను. ఎవరి పేరు రాయాలో మీరే రాయండి. సదువుకున్నోరు."

పెన్సిలు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. పరీక్ష హాల్లో పిల్లలు నా ఎదురుగా అలా కూర్చుంటే, బేగి రాయండర్రా అని కసిరేవాణ్ణి.

"చెరిపేద్దామండీ" అన్నాను.

"మీది పెన్ను, నాది పెన్సిలు. మీది మీరు చింపాలి. నాది నేను చెరుపుతాను."

జేబులోంచి నాలుగు పేజీలూ తీసిచ్చేరు. చింపేను. ఆయన లబ్బరు తీసి నా పేజీ చెరిపేరు. అప్పలనరసమ్మ పేజీ కింద 'వస్తువు చేరింది' అని రాసుకున్నారు. అది మాత్రం పెన్నుతో.

గుండెల మీంచి బండ దిగింది. బండ దిగితే నా నోరు ఊరుకోదు. "మరి నాకు శిక్షేమీ లేదా హెడ్డుగారూ?" అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. ఆలోచించేరు.

"సూదికి ఐదేళ్లన్నారు. మిషనుకెన్నేళ్లో నాకు తెలీదు. సూది రేటే ఏసుకుందాం. ఐదేళ్లు మీ చొక్కాలు ఆవిడ కాడే కుట్టించుకోండి."

"ఆవిడకి జాకెట్లే కదండీ వచ్చు!"

"అందుకే కదేటి శిక్షన్నాను!"

ఆ సాయంత్రం రెండు మీటర్ల గుడ్డ, ఆదికి ఒక పాత చొక్కా పట్టుకుని వెళ్లేను. ఒక్క గది ఇల్లు. నన్ను చూడగానే ఆవిడ మిషను మీద రెండు చేతులూ వేసేసింది. మంచం మీద మొగుడు కర్ర కోసం తడుముకున్నాడు.

"నాను దొంగతనం సెయ్యనేదు బాబూ. నా మిషను నాను తెచ్చుకున్నాను. మీ దుప్పటి మడతెట్టే ఒచ్చేను."

"అది కాదమ్మా. చొక్కా కుట్టించుకుందామని..."

ఆవిడ గుడ్డ వంక, నా వంక మార్చి మార్చి చూసింది. "మగోళ్ల చొక్కాలు నాకు రావు బాబూ."

"పర్వాలేదు. ఐదేళ్లు టైముంది."

మొదటి చొక్కా నేనెప్పటికీ మరిచిపోను. మా కాలేజీ కూడా మరిచిపోదు. చేతులు మోచేతికి పైనే బిగిసిపోయేయి. నడుం దగ్గర రెండు పక్కలా కుచ్చులు. గుండీలు కనపడవేమిటా అని చూస్తే లోపల హుక్కులు! క్లాసులో బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే ఎత్తిన చెయ్యి దిగలేదు. 'ప్రాథమిక హక్కులు' అన్న పాఠానికి ఆ రోజు నుంచి పిల్లలు 'ప్రాథమిక హుక్కులు' అని పేరు పెట్టేరు. మా ఆవిడ మాత్రం, "వెనకనుంచి చూస్తే బాగుందండీ" అంది. ముందునుంచి చూడ్డానికి నవ్వు ఆపుకోలేక.

హెడ్డుగారు వారానికోసారి ఎదురుపడి కాలరు పట్టుకుని చూసేవారు. పోలీసాయన నడిరోడ్డు మీద లెక్చరరు కాలరు పట్టుకుంటే ఊరేమనుకోవాలి! "మొదటి ఏడు బాగా గడుస్తంది" అని వదిలేసేవారు. సత్ప్రవర్తనకి శిక్ష తగ్గిస్తారు కదా అని ఒకసారి అడిగేను. "సత్ప్రవర్తన ఆవిడది. మీది కాదు" అన్నారు.

రెండో ఏటికి కుచ్చులు పోయేయి. మూడో ఏటికి హుక్కుల స్థానంలో గుండీలొచ్చేయి, ఆడవాళ్ల వైపు. నాలుగో ఏటికి అవి కూడా నా వైపుకి మారేయి. ఆవిడ నా ఒంటి మీద పని నేర్చుకుంది. బడిపిల్లల యూనిఫారాలు రావడం మొదలెట్టేక మా వీధి మొదట్లో చిన్న గది అద్దెకి తీసుకుంది. అప్పటికి హెడ్డుగారు రిటైరయ్యేరు. కుర్చీ తెచ్చి ఆ షాపు ముందు, స్తంభం పక్కన వేసుకున్నారు. వారం రోజులు షాపుకి ఒక్క మనిషి రాలేదు. హెడ్డుగారు ఆవిడ కోసమే కూర్చున్నారని ఊరు జడిసింది. ఎనిమిదో రోజు ఆవిడే బయటికొచ్చి, "బాబూ, తమరు అటు తిరిగి కూకోండి" అంది. కుర్చీ రోడ్డువైపు తిప్పేరు. ఆ తరవాత షాపు నడిచింది, మా వీధిలో దొంగతనాలు నడవలేదు.

ఐదేళ్లూ నిండిన రోజు ఆయన మా ఇంటికొచ్చేరు. నన్ను వెలుతుర్లో నిలబెట్టి, చుట్టూ తిరిగి, కుట్టు మీద వేలితో రాసి చూసి, "ఇడుదల" అన్నారు. కాఫీ తాగేరు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగేరు.

"ఒక మాట మేస్టారూ. దుప్పటి మడత ఆవిడ సొంతం. పేపర్లు తాడుతో కట్టమన్నది మాత్రం నేనే."

ఆ తాడు ఎక్కడ చూసేనా అని ఐదేళ్లుగా నాకొక అనుమానం. కుర్చీ కట్టుకునే తాడది!

గస్తీయా, పథకాలా, చట్టాలా అని ఆయన్ని తరవాత చాలాసార్లు అడిగేను. "నాకేటి తెల్సు. గస్తీ తిరిగితే కాళ్లు నొప్పులు. చట్టం సదివితే కళ్లు నొప్పులు. పథకమంటారా, మీ ఇంటికొచ్చింది కదా" అనేవారు. ఆ తరవాత నేనే అడగడం మానేసేను.

నిరుడు వానాకాలంలో, రెండు రోజుల జ్వరంతో పోయేరు. చూడ్డానికెళ్లినప్పుడు తెల్లచొక్కా తొడిగి పడుకోబెట్టేరు. చుట్టూ అందరూ మొహం చూసి ఏడుస్తున్నారు. నేను కాలరు చూసేను. అలవాటైపోయింది. ఎక్కడా వంకర లేదు.

కెమెరా సభ అయిపోయేక నేరుగా అప్పలనరసమ్మ షాపుకెళ్లేను, కొత్త చొక్కా గుడ్డ ఇవ్వడానికి. విడుదలై చాలాకాలమయింది గానీ నేను జైలు మారలేదు. షాపులో ఖాతాదార్లకని ఒకటే కుర్చీ ఉంది. ఇనపది, మడతది. ఆయన పోయేక, షాపులోనే ఉంచుకోమని వాళ్లావిడ అందట. కూర్చున్నాను.

"ఏటి బాబూ, మైకులో ఏటో అన్నారంట, ఎవులికీ తెలీనేదంట?" అంది ఆవిడ మిషను ఆపకుండానే.

"ఏమీ లేదమ్మా. కాసిని మంచినీళ్లిస్తావా?"

లేచి తెచ్చింది. అలవాటు ప్రకారం నేను ఆవిడ మొహం చూడలేదు, గ్లాసు చూసేను. అంచు దాకా ఉన్నాయి నీళ్లు. చుక్క కదల్లేదు.

నా చేతిలోకి వచ్చేక కొంచెం కదిలేయి. వయసు వల్లే అనుకుంటున్నాను.